ఆవగింజంత మందు

ధర్మవరంలో మా అక్కను ఇచ్చిన వీధిలో పగటిపూట పసిబిడ్డల ఏడుపు వినిపించేది కాదు. ప్రతి ఇంట్లోనూ మగ్గం ఆడుతుండేది. దాని పక్కనే ఉయ్యాల వేలాడుతుండేది. ఉయ్యాలలో బిడ్డ నిద్రపోతూ ఉండేది. పందొమ్మిదివందల యాభైల చివర్లో అక్కడి ప్రాథమిక పాఠశాలలో ఉద్యోగం వచ్చి నేను అక్కా బావల ఇంట్లోనే దిగాను. మగ్గం చప్పుడుకు అలవాటుపడిన బిడ్డలు కాబోలు, అందుకే ఇంత బాగా నిద్రపోతున్నారు అనుకున్నాను.

కారణం కొద్ది రోజులకే తెలిసింది. ఉదయం వంట కాగానే అక్క అత్తగారు గూట్లోంచి చిన్న డబ్బీ తీసేది. అందులో నల్లమందు ఉండేది. అరచేతిలో ఒక ఆవగింజ పెట్టుకుని, దాని పక్కన సరిగ్గా అంతే ఉండ చేసేది. పెద్దది కాకూడదని కళ్లు చికిలించి చూసేది. ఆ ఉండను చనుబాలలో కరిగించి ఉగ్గుగిన్నెతో నా మేనకోడలికి పోసేది. ఆ పిల్లకు అప్పటికి ఏడాది నిండలేదు. మధ్యాహ్నం పాలకు లేపితే సగం నిద్రలోనే తాగి మళ్లీ కళ్లు మూసేది.

అలా చేయకపోతే పని సాగదు. అంచు వేరే రంగులో వచ్చే పట్టుచీరకు మగ్గం దగ్గర ఇద్దరుండాలి. బావ మగ్గం గుంతలో కాళ్లు దింపుకుని నేస్తుంటే, పక్కన కూర్చుని అంచు దారం నింపిన నాడె విసిరేది అక్క. అత్తగారు నాడెల్లోకి దారం కండెలు చుట్టేది. ఆ ఇంట్లో బిడ్డను ఎత్తుకోవడానికి ఖాళీగా ఉన్న చేతులు లేవు.

అత్తగారు దాన్ని ఎన్నడూ నల్లమందు అనలేదు, బిడ్డమందు అనేది. ఆమె దృష్టిలో నల్లమందు మగవాళ్లు తినేది. బావ తినేవాడు. పొద్దస్తమానం గుంతలో కూర్చుంటే నడుము నిలవడం లేదని పెళ్లికి ముందే మొదలుపెట్టాడట. అప్పుడు చాలినది ఇప్పుడు చాలడం లేదు. తిన్నంతసేపే మనిషి. లేకపోతే చేతులు వణికి పట్టుపోగు తెగిపోయేది.

ఆ రోజుల్లోనే సర్కారు తన అంగళ్లలో కార్డు మీద ఇచ్చే నల్లమందును నిలిపేసింది. వీధి పెద్దలు కూడా పట్టుబట్టారు. ఇంటింటికీ తిరిగి, తినేవాళ్ల చేత ఎవరి మగ్గం మీద వాళ్ల చెయ్యి పెట్టించి ప్రమాణం చేయించారు. నేతగాడు మగ్గం మీద ఒట్టేస్తే తప్పడు. మా పక్కింటాయన పట్టుకు రంగులద్దే ముస్లిం పెద్దమనిషి. ఆయనకూ అలవాటుంది. పెద్దలు ఆయన గడపలో నిలబడగానే, "నాకు మగ్గం లేదు గదప్పా, ఉడుకుతాండే రంగుకాగులో చెయ్యి పెట్టమంటారా?" అన్నాడు.

"పెట్టన్నా, ఎర్రచెయ్యి అయితే గుర్తుగా ఉంటాది" అన్నాడు బావ మా వాకిట్లోంచి.

అందరూ నవ్వారు. ఆయన మసీదు వైపు తిరిగి ఒట్టేశాడు. అత్తగారు బావ తినే ముద్దను అందరూ చూస్తుండగా దిబ్బలో పారేసింది.

ఆ తర్వాత బావ పడిన బాధ మాటల్లో పెట్టడం కష్టం. ముక్కూ కళ్లూ కారేవి. ఆవులింతల మీద ఆవులింతలు. కడుపు నిలిచేది కాదు. కాళ్లలో ఎవరో నరాలు పట్టి గుంజుతున్నట్టు దొర్లేవాడు. నేనూ రంగులాయనా చెరొక కాలూ పట్టి పిసికేవాళ్లం. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "ఏమి బామ్మర్దీ, ఇస్కూల్లో పిల్లోళ్లకు పాఠం చెప్తావే, నా కాళ్లకు ఒక పాఠం చెప్పు సూద్దాం, గుంజొద్దని" అన్నాడు. తనూ అదే బాధలో ఉన్న రంగులాయన, "నా కాళ్లకు గూడా చెప్పప్పా, అవి ఇంకా మొండివి" అన్నాడు.

మగ్గం ఆగిపోయింది. మగ్గం ఆగింది కాబట్టి బిడ్డమందు కూడా ఆగింది. అక్క చేతులు ఖాళీ అయ్యాయి, బిడ్డ ఆమె చంకలోనే ఉండేది. కానీ ఆ పిల్ల ఊరుకునేది కాదు. చెమటలు, తుమ్ములు, విరేచనాలు, గుక్కపట్టి ఏడుపు.

"పండ్లొస్తాండాయి. దానికి తోడు ఎవరి కన్నో పడింది" అని అత్తగారు ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసేది. ఒకే ఇంట్లో తండ్రీ బిడ్డా ఒకే జబ్బుతో పడి ఉన్నారని మాకెవరికీ తట్టలేదు. తండ్రి చుట్టూ అందరం కూర్చున్నాం. బిడ్డకు దిష్టి తీశాం.

నెల తిరిగేసరికి ఇద్దరూ కోలుకున్నారు. బావ రాగిసంగటి అడిగి తిన్నాడు. పిల్ల పగలంతా మేలుకుని ఉండేది. వెలుతురులో దాని కళ్లను నేను సరిగ్గా చూసింది అప్పుడే, తేనెరంగు కళ్లు. నడవాలో పాకుతూ వచ్చి నా పంచె చెంగు పట్టుకుని లేచి నిలబడబోయేది. పడితే తనే నవ్వేది. "ఇన్నాళ్లు యాడుండిందే ఈ గయ్యాళి!" అని అక్క మురిసిపోయేది.

పెళ్లిచీర కోసం వ్యాపారి మనిషిని పంపాడు. బావ మంచిరోజు చూసి మగ్గానికి టెంకాయ కొట్టి గుంతలోకి దిగాడు. ఆదివారం కాబట్టి నేను ఇంట్లోనే ఉన్నాను. అక్క నాడె పట్టగానే పిల్ల పాక్కుంటూ వచ్చి పడుగు దారాలు పట్టి లాగింది. ఎత్తి అవతల కూర్చోబెడితే తల్లి కోసం ఏడ్చింది.

అత్తగారు గూట్లోంచి డబ్బీ తీసింది. కొడుకు ముద్దను దిబ్బలో వేసిన మనిషే బిడ్డమందును ఉంచింది. దాచాలని కాదు. శొంఠి, వస పక్కన అది ఎప్పుడూ ఉండే చోటే ఉంది.

"అత్తా, ఇన్నాళ్లు లేకుండానే ఉండాది గదా?" అంది అక్క.

"మగ్గం నిలిపినాము కాబట్టి ఉండాది. నువ్వు నాడె పట్టుకుంటే దీన్ని పట్టుకునేదెవరమ్మీ? కండెలు నా బదులు నీ తమ్ముడు సుడతాడా?"

అక్క నవ్వింది. అత్తగారు అరచేతిలో ఆవగింజ పెట్టుకుంది. ఎప్పటి కొలతే, కొంచెం కూడా ఎక్కువ చేయలేదు.

మధ్యాహ్నానికి అక్కకు పాలు చేపుకొచ్చి రవిక తడిసింది. లేపబోతే పిల్ల లేవలేదు. పెదవులు నీలంగా ఉన్నాయి. ఊపిరి ఒకటి వచ్చి, ఇంకొకటి రావడానికి చాలాసేపు పడుతోంది. రంగులాయన వీధిలోకి పరుగెత్తి జట్కా తెచ్చాడు. ఆస్పత్రిలో డాక్టరు పిల్ల కళ్లు విప్పి చూసి, "ఏం పెట్టారు?" అని అడిగాడు.

"ఏమీ లేదు సామీ, పాలే" అంది అత్తగారు.

"మందేమైనా?"

"మందా? దినామూ పెట్టేదే సామీ."

చేయగలిగింది చేశారు. పొద్దు వాలకముందే పిల్ల పోయింది.

డాక్టరు తర్వాత నాకు విడమరిచి చెప్పాడు. రోజూ తినే ఒంటికి ఆ మందు అలవాటవుతుంది. కొన్నాళ్లు మానితే ఆ ఓర్పు పోతుంది. మళ్లీ పాత కొలతే ఇస్తే తట్టుకోలేదు. పిల్ల మందు నుంచి బయటపడింది కాబట్టే ఆ మందు దాన్ని చంపింది. ఆ మాట ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు తిరిగాను. చివరికి చెప్పాను. అత్తగారు విని, "అయితే కొలత తప్పు కాదా?" అని మాత్రం అడిగింది.

బావ మళ్లీ నల్లమందుకు పోతాడేమోనని వీధంతా భయపడింది. పోలేదు. పెళ్లిచీర పని తిరిగి ఇచ్చేసి, ఒక్కడే నేయగల సాదా చీరలకు మారాడు. అక్క ఆ తర్వాత నాడె పట్టలేదు.

అత్తగారు పసిబిడ్డలున్న ప్రతి ఇంటికీ వెళ్లి జరిగింది చెప్పడం మొదలుపెట్టింది. కొందరు డబ్బీలు తెచ్చి ఆమె ముందే పారేశారు. ఎక్కువమంది, "సరే అవ్వా, బిడ్డ ఏడుస్తాంటే మగ్గమెట్ల ఆడాల?" అన్నారు. చివరికి ఆమే, "నా దగ్గర ఇడిసిపెట్టండి, నేను సూసుకుంటా" అంది.

ఒక ఇంటి కోడలు మొహం మీదే అడిగింది: "నీ చేతికా? నీ మనమరాలిని సూసుకున్నట్లేనా?"

అత్తగారు ఇంటికి వచ్చి, కండెలు పక్కకు నెట్టి గోడవైపు తిరిగి పడుకుంది. మరుసటి రోజు ఉదయం అక్క పోవద్దని బతిమాలినా వినకుండా, చీర మార్చుకుని మళ్లీ ఆ ఇంటికే వెళ్లింది. వాళ్లు లోపలికి పిలవలేదు. అరుగు మీద కూర్చుంది. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుందని రంగులాయన వచ్చి మాకు చెప్పాడు.