నాలుగు మంటల పెద్దమ్మ

మా ఊరందరికీ పెద్దమ్మ అయిన బుబుకాన్ ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించదు, కిటికీని పలకరిస్తుంది. గుమ్మంలో బూట్లు విప్పి, కోటు జేబులోంచి లైటరు తీసి, కిటికీ అద్దం దగ్గర వెలిగించి, ఒక కన్ను మూసి చూస్తుంది. ఆ తరువాతే "బాగున్నారా?" అంటుంది. జన్మలో సిగరెట్టు ముట్టని ఆ మనిషి గురించి మంచు కొండల నడుమ ఉన్న మా నరీన్ ఊళ్ళో సగం మంది దొంగచాటుగా పొగ తాగుతుందనీ, మిగతా సగం మంది బాహాటంగానే తాగుతుందనీ చెప్పుకునేవారు.

అసలు సంగతి వేరు. జంట అద్దాల కిటికీ ముందు మంట పెడితే లోపల నాలుగు మంటలు కనిపిస్తాయి, అద్దానికి రెండేసి చొప్పున. నాలుగూ పసుపైతే అది మామూలు అద్దం. ఒకటి గులాబీ రంగులోకి తిరిగితే దానికి పూత ఉన్నట్టు, ఇంట్లో వేడి ఇంట్లోనే ఉంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు తపాలా సంచీ మోసి, అందరి గుమ్మాల్లోనూ నిలబడి, ఎవరింట్లో ఏ మూల నుంచి చలి కొడుతుందో తెలిసిన మనిషికి ఈ విద్య ఒకటి దొరికింది. ఇక ఊరుకుంటుందా?

మా ఎదురింటి పెళ్ళిలో కొత్త కోడల్ని ఆచారం ప్రకారం మూలన తెర వెనక కూర్చోబెట్టారు. ఆ మూలనే కిటికీ. పెద్దమ్మ లైటరు వెలిగించింది. తెర కుచ్చులు అంటుకున్నాయి. ఎవరో గిన్నెడు గుర్రపు పాలు తెచ్చి పెళ్ళికూతురి నెత్తిన గుమ్మరించారు. ఆ గోలలో పెద్దమ్మ గొంతు వినిపించింది.

"కంగారు పడకండి! కిటికీ మంచిదే! ఈ పిల్ల ఈ ఇంట్లో వెచ్చగా ఉంటుంది!"

అప్పటికే ఆ పిల్ల అవసరానికి మించి వెచ్చగా ఉంది.

నేను మెలిస్ గారి కిటికీల దుకాణంలో పనిచేస్తాను. అమ్మకు ఊపిరితిత్తుల జబ్బు చేయడంతో తొమ్మిదో తరగతిలో బడి మానేసి అక్కడ చేరాను. కొలతలు రాయడం, అద్దాలు తుడవడం, మాట్లాడకుండా ఉండటం నా పనులు. మూడోది నాకు పుట్టుకతోనే వచ్చు.

ప్రతి గురువారం పెద్దమ్మ ఒక తాడు పట్టుకుని వచ్చేది. ఆ తాడుకు రెండు ముడులు. మొదటి ముడి దాకా కిటికీ వెడల్పు, రెండోదాని దాకా ఎత్తు.

"ఒరేయ్ మెలిస్, దీనికెంత?"

"మూడద్దాలదైతే పన్నెండు వేల సోమ్, పెద్దమ్మా. రెండద్దాలదైతే తొమ్మిది."

"మూడో అద్దం ఏం చేస్తుందిరా?"

"అద్దానికీ అద్దానికీ మధ్య గాలి ఉంటుంది కదా. అదే చలిని ఆపేది."

"గాలికి మూడు వేలా! మా ఇంటికి రా. కిటికీ సందుల్లోంచి ఊరికే వస్తుంది, బస్తాల్లో నింపుకుపో."

"పోనీ, పూత ఉన్న అద్దం తీసుకోండి. రెండే చాలు. ఇంకో వెయ్యి."

"ఆ వెయ్యి న్యాయం. ఏదీ, చూడనీ" అంటూ లైటరు తీసేది.

గంటసేపు బేరమాడి ఏడెనిమిది వందలు తగ్గించి, ఏమీ కొనకుండా వెళ్ళిపోయేది. మరుసటి గురువారం ఇంకో తాడు, ఇంకో కొలత.

"ఈవిడ కిటికీ చలికాలం ముడుచుకుంటుంది, ఎండాకాలం సాగుతుంది" అనేవారు మెలిస్ గారు. దుకాణంలో అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

నిజానికి నేను నవ్వకూడదు. కొలతలు రాసేది నేనే కదా. పెద్దమ్మ వచ్చి వెళ్ళిన రెండు రోజులకు, బేరమాడటం చేతగాని ఇంటివాళ్ళెవరో బెరుకుబెరుకుగా వచ్చి, సరిగ్గా ఆ తాడు కొలత చెప్పి, సరిగ్గా పెద్దమ్మ తేల్చిన ధరకు కిటికీ కొనుక్కుని వెళ్ళేవారు. ఎవరూ నన్ను అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

పోయిన అక్టోబరులో లారీ నిండా మామూలు అద్దాలు దిగాయి. మెలిస్ గారు నా చేతికి స్టిక్కర్ల చుట్ట ఇచ్చారు. పూత ఉన్న అద్దాలకు అంటించే స్టిక్కర్లవి.

"అన్నిటికీ అంటించెయ్. ఎవరికి తెలుస్తుంది?"

అంటించాను. ఆ వారం ఏడు కిటికీలు అమ్ముడుపోయాయి.

గురువారం పెద్దమ్మ వచ్చి అద్దం ముందు లైటరు వెలిగించింది. ఒక కన్ను మూసింది. తరువాత రెండో కన్ను మూసి మొదటి కంటితో చూసింది.

"నాలుగూ పసుపేరా మెలిస్."

"మీ లైటరు చవకరకం, పెద్దమ్మా. దాని మంటకు రంగు తేలదు. కావాలంటే మా జిపార్‌ని అడగండి. దానికి అబద్ధాలు చేతకావు."

ఇద్దరూ నావైపు చూశారు. ఈ పని పోతే అమ్మ మందులు ఎలా అన్నదొక్కటే నా బుర్రలో తిరిగింది.

"లైటరుదే అయ్యుంటుంది, పెద్దమ్మా" అన్నాను, నేలను చూస్తూ.

ఆవిడ లైటరు జేబులో వేసుకుని వెళ్ళిపోయింది. తరువాతి గురువారం కొత్త లైటరుతో వచ్చింది, ఇత్తడిది, మూత టక్కున తెరుచుకునేది. నాలుగు పసుపు మంటలు.

"ఇదీ చవకదేనా, పిల్లా?"

"ఏమో, పెద్దమ్మా."

ఆ తరువాతి వారం తుపాకీ ఆకారంలో ఉన్నది తెచ్చింది. మీట నొక్కేసరికి మెలిస్ గారు చేతులు పైకెత్తారు. దానికీ నాలుగూ పసుపే. మూడో వారం తెచ్చింది స్టవ్వు వెలిగించేది, మూరెడు పొడవు.

"దీనికీ తేలలేదు, పిల్లా. ఏమంటావు?"

నేను తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాను.

విచిత్రంగా ఆ మూడు వారాలూ దుకాణానికి ఒక్క మనిషి కూడా రాలేదు. ఇంకా మంచు పడలేదు కదా, అందుకే అన్నారు మెలిస్ గారు.

ఆ పై గురువారం పెద్దమ్మ వెంట బజారులో ఉన్ని అమ్మే ఆడవాళ్ళు ముగ్గురు వచ్చారు. పెద్దమ్మ చేతిలో లైటరు లేదు. ఒక ఎర్ర ఉన్ని దారం ఉంది.

"ఇవాళ కొంటున్నానురా. పూత అద్దంది. రాసుకో, పిల్లా."

దారాన్ని టేపు పక్కన పరిచాను. దానికి రెండు కాదు, మూడు ముడులు. పై వెడల్పు నూట పద్దెనిమిది, కింది వెడల్పు నూట ఇరవై రెండు. గోడ ఒక పక్కకు ఒరిగిన ఇంటికి తప్ప అలాంటి కొలత ఉండదు. అలాంటి ఇల్లు నాకు తెలిసి ఒకటే. ఆ కిటికీ కిందే మా అమ్మ మంచం. ఆ ఎర్ర ఉన్ని అమ్మ స్వెటరుది.

పెన్ను పక్కన పెట్టాను.

"లైటర్లది తప్పు కాదు, పెద్దమ్మా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇవి మామూలు అద్దాలు. స్టిక్కర్లు నేనే అంటించాను."

"బయటికి నడువు!" అని అరిచారు మెలిస్ గారు.

"నువ్వు కూర్చోరా" అంది పెద్దమ్మ. "ఈ పిల్లని పంపిస్తే రేపటి నుంచి నేనూ, ఈ ముగ్గురూ నీ గుమ్మంలోనే ఉంటాం, తలా ఒక లైటరుతో. ఉంచుకుంటే, ఇది మంచిదన్న అద్దమే ఊరంతా కొంటుంది. అమ్మిన ఏడింటికీ అద్దాలు మార్చు. లెక్క నీకే బాగా వచ్చు కదా, వేసుకో."

మెలిస్ గారు వేసుకున్నారు. ఆ సాయంత్రమే ఏడిళ్ళకూ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది పెద్దమ్మ. అద్దం మారుస్తామని ప్రతి గుమ్మంలోనూ నా చేతే చెప్పించింది. ఆరిళ్ళకు చెప్పగలిగాను. ఏడో ఇంటికి తాళం. చంటిబిడ్డతో ఉండే దంపతులు, కొత్త కిటికీ పెట్టినా ఆ ఇల్లు చలిగా ఉందని ఖాళీ చేసి వెళ్ళిపోయారట. ఎక్కడికో ఎవరికీ తెలియదు. ఆ తాళాన్ని ఇప్పటికీ మరిచిపోలేను.

దారిలో అడిగాను.

"మొదటి రోజే తెలుసా, పెద్దమ్మా?"

"మంట అబద్ధం చెప్పదే."

"మరి అన్ని లైటర్లు ఎందుకు కొన్నారు?"

"నువ్వే చెబుతావని. నేను బయటపెడితే ఊళ్ళో నీ పేరు కూడా పోయేది. అందుకే కొనేవాళ్ళని ఆగమని, నీకు వారానికో లైటరు చొప్పున గడువిచ్చాను. మూడింటికీ కదల్లేదు నువ్వు! నాలుగోది కొనే ఓపిక లేక మీ అమ్మతో స్వెటరు విప్పించాను."

మొదటి లైటరుకే నోరు విప్పి ఉంటే అమ్మకు ఆ చలికాలం స్వెటరు మిగిలేది. మొదటి స్టిక్కరుకే విప్పి ఉంటే ఆ చంటిబిడ్డకు ఇల్లు మిగిలేది. ఊరందరి కిటికీలూ పోనిచ్చి మా కిటికీ దగ్గర మాత్రం మాట్లాడిన దాన్ని నేను.

మూరెడు లైటరు నాకే ఇచ్చేసింది పెద్దమ్మ. మరుసటి ఆదివారం అమ్మ ఇచ్చిన రొట్టెలు పట్టుకుని మొదటిసారి ఆవిడ ఇంటికి వెళ్ళాను. బూట్లు విప్పాను. నేరుగా కిటికీ దగ్గరకు వెళ్ళి లైటరు వెలిగించాను. పాత చెక్క కిటికీ. సందుల నిండా దూది, దాని మీద అంటించిన కాగితం పట్టీలు. నాలుగు మంటలు కాదు కదా, ఒక్కటీ నిలవలేదు. సందులోంచి వచ్చిన గాలికి ఆరిపోయింది.

మాట్లాడకుండా జేబులోంచి తాడు తీశాను.

"ఓసి పిచ్చిదానా!" అని వంటగదిలోంచి కేకేసింది పెద్దమ్మ. "గుమ్మంలోకి రాగానే కిటికీ ఏమిటే? ముందు మనుషుల్ని పలకరించడం నేర్చుకో!"