గుడ్డ కట్టిన బీరకాయ

ఇది రాయకుండానే ఊరుకునేవాణ్ణి. బీరగింజల కోసం సంగారెడ్డి నుంచి సిర్గాపూర్ దాకా పోయొచ్చానంటే చదివేదెవరు? అయితే పెరట్లో నాలుగు పాదులు పెట్టుకునేవాళ్లు నాటు విత్తనం కోసం ఆ దిక్కు పోతూనే ఉంటారు. వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మా పెరటి బీర మా అమ్మ నాటి విత్తనం. కాయ పొట్టిది, కాపు మాత్రం తెరిపి ఇవ్వదు. దుకాణంలో దొరకదు. ఈ ఏడు నేను డబ్బాలో దాచిన గింజలు ఎలుకల పాలయ్యాయి. ఇక అది మిగిలింది సిర్గాపూర్‌లో మా అక్క దగ్గరే.

పొద్దున్నే బస్సెక్కి పది దాటాక నారాయణఖేడ్‌లో దిగాను. డిపో బయట సిర్గాపూర్ ఆటోలుంటాయి, మనిషికి ముప్పై, నిండనిదే కదలవు. ఎప్పుడు పోతావంటే డ్రైవర్, "ఇంకిద్దరొస్తే నువ్వు ఆపినా ఆగ" అన్నాడు. ఆ ఇద్దరి కోసం రెండు ఛాయ్‌లు తాగాను. ఈ వయసులో రెండు ఛాయ్‌ల మీద ఆటో ప్రయాణం మంచిది కాదు, అది వేరే కథ.

అక్క కొత్త కోడలు బీదర్ దిక్కు పిల్ల. జొన్నరొట్టెలు, బీరకాయ కూర పెట్టింది. కూరలో కాస్త పీచు తగిలింది. వంటకు వంకపెట్టేవాడికి రెండో రొట్టె రాదని నా అనుభవం, అందుకే బాగుందన్నాను. అంతలో అక్క పెరట్లోంచి గుడ్డపీలిక పట్టుకొని వచ్చింది. మా దగ్గర విత్తనానికి వదిలిన కాయకు గుడ్డ కడతారు, దాన్నెవరూ కోయరు. పందిరి ఎండుతోంది, మిగిలిన కాయ అదొక్కటే. పోయినేటి గింజలన్నీ అక్క పాదుల్లో పెట్టేసింది. ఊళ్లో మిగతావాళ్లు ఎప్పుడో ప్యాకెట్లకు మారారు.

"మా దిక్కు గుడ్డ దిష్టికి కడ్తరు, మామా" అంది కోడలు మెల్లగా. "చుట్టమొచ్చిండని మంచి కాయ చూసి కోసిన."

అక్క నా కంచం చూసింది. "తిను తమ్మీ, తిను. అమ్మ తీగెను ఆఖరు దాకా నువ్వే తిను."

బాగుందన్న నోటితో ఆపలేక తిన్నాను.

కోడలు లేచి స్నానాల గదిలోకి పోయింది. ఒళ్లు రుద్దుకోవడానికని పోయినేడు అక్క ఈ పందిరి నుంచే కోసి మేకుకు వేలాడదీసిన ఎండు బీరకాయ అక్కడే ఉంది, ఇంకా వాడలేదు. తెచ్చి గడపకేసి కొట్టింది. నల్లటి గింజలు రాలాయి, గుప్పెడు కూడా లేవు. అక్క వాటిని చెంబునీళ్లలో వేసి, తేలినవి పారబోసి, మునిగినవి తుడిచి రెండు వాటాలు చేసింది.

నేను దాచింది ఎలుకలు తిన్నాయి. అక్క దాచింది నేను తిన్నాను. ఎవరూ దాచాలనుకోనిది మిగిలింది. దీనిమీద ఇంకా ఆలోచిస్తున్నాను, పెద్దగా ఏమీ తేలలేదు.

మీకు చెప్పేదొకటే. విత్తనానికి ఆఖరి కాయ దాకా ఆగకండి. మొదటి కాపులోనే రెండు మంచి కాయలకు గుడ్డ కట్టి, ఎందుకు కట్టారో ఇంట్లో అందరికీ చెప్పండి.

సాయంత్రం ఆటో కదలబోతుంటే అక్క నా చొక్కా జేబు తడిమి చూసింది. పొట్లం ఉంది. "ఇగ పోనీ" అంది డ్రైవర్‌తో.