సూది వేస్తేనే నమ్మకం

నిన్న మోకాళ్ల నొప్పులని అమ్మను మా ఊరి హెల్త్ క్లినిక్‌కు తీసుకెళ్లాను. సిస్టరు స్పిరిట్ సీసా మూత తీయగానే ఆ వాసనకు నా చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. మీకూ ఇంతేనా?

తర్లుపాడు వాళ్లకు మన చిన్నప్పటి డాక్టరు గారి చిన్న ఆస్పత్రి గుర్తుందా? కిరసనాయిలు స్టవ్ మీద స్టీలు డబ్బాలో గాజు సిరంజీలు టకటకమని ఉడుకుతుంటే, వరండాలోనే మన ఏడుపు మొదలయ్యేది. పొడుగు జడ సిస్టరమ్మ సూది వేసి, ఖాళీ మందు సీసా చేతిలో పెట్టేది. ఏడుపు బంద్! పెద్దవాళ్లు జబ్బు గురించి ఏమడిగినా ఆవిడది ఒకటే మాట: "డాక్టరు గారినడగండి."

ఇప్పుడు మా ఊళ్లో జబ్బు చూసేది సిస్టరే. అమ్మ మోకాళ్లు నొక్కి చూసింది, తిండీ నిద్రా అడిగింది. "చర్చిలో మోకరించలేకపోతున్నా తల్లీ" అని, మాకెవరికీ చెప్పని మాట అమ్మ ఆమెతో చెప్పింది. సిస్టరు కాళ్ల వ్యాయామం నేర్పించింది.

"అన్నీ చేస్తివి గానీ, సూది ఎయ్యవా?" అంది అమ్మ.

"దీనికి సూది ఎందుకవ్వా? షుగరు చూస్తా, వేలు ఇట్ల పెట్టు."

వేలి చివర చిటుక్కుమంది. రక్తపు చుక్క చూసి అమ్మ ముఖం వెలిగిపోయింది. ఆటోలో పక్కావిడకు చెప్పింది: "మోకాళ్ల నొప్పికి వేలికే సూది ఏసింది. అప్పుడే సగం తగ్గె!"

నేను నవ్వాపుకున్నాను, సరిదిద్దలేదు.

ఈ పొద్దున చూస్తే అమ్మ మంచం మీద కూర్చుని, సిస్టరు చెప్పినట్టే కాళ్లు చాపుతూ, ముడుస్తూ ఉంది.

"ఎట్లుందమ్మా?"

"సూది బాగా పనిచేస్తాంది."