ఫిర్యాదు రాని పంపు

మూడేళ్ళ క్రితం నవంబరులో నన్ను డుంబ్రిగుడకు ఫీల్డ్ ఇంజినీరుగా వేశారు. కొండల మీది గూడేలకు తాగునీరు ఎక్కించే సోలార్ పంపుల నిర్వహణను ఒక ప్రైవేటు కంపెనీ ప్రభుత్వం నుంచి కాంట్రాక్టుకు తీసుకుంది. ఆ కంపెనీలో నాకు పైన సైట్ మేనేజరు, కింద ఇద్దరు మెకానిక్కులు. రెండేళ్ళు చేసి మానేశాను. నాకింకా ముప్పై నిండలేదు కాబట్టి రిటైరయ్యానని చెప్పుకోలేను గానీ, ఆ కొండల నుంచి దిగినప్పటి అలసట మాత్రం అలాంటిదే.

పని గురించి ముందు చెప్పాలి. నిర్వహణలో రెండు రకాలు. యంత్రం ఆగాక వెళ్ళి బాగుచేయడం ఒకటి, ఆగకముందే వెళ్ళి చూసుకోవడం రెండోది. రెండోదానిలో గొప్పేమీ లేదు. సోలార్ పలకల మీద దుమ్ము కడగాలి, వదులైన వైర్లు బిగించాలి, మోటారు ఎంత కరెంటు లాగుతోందో కొలిచి కిందటి నెల అంకెతో పోల్చాలి. నెలకోసారి ప్రతి పంపుకూ ఇది జరగాలని నిబంధన. ఇద్దరు మెకానిక్కులు, రెండు మోటారు సైకిళ్ళు, సగం గూడేలకు రోడ్డు లేదు. ఆగిన పంపుల దగ్గరికి పోవడానికే వాళ్ళకు రోజులు చాలేవి కావు.

యంత్రం ఎంత నమ్మకమైనదో చెప్పడానికి మా దగ్గర మూడు కొలతలుండేవి. ఒకసారి పాడైనప్పటి నుంచి మళ్ళీ పాడయ్యేదాకా సగటున ఎన్నాళ్ళు నడిచింది. పాడయ్యాక బాగుపడటానికి సగటున ఎంతసేపు పట్టింది. మొత్తం కాలంలో ఎంత శాతం పనిచేసే స్థితిలో ఉంది. చివరిదాన్ని అందుబాటు అంటారు. ఇవన్నీ కంప్యూటరే లెక్కకట్టేది. దానికి మేమిచ్చేది ఒక్కటే, ఫిర్యాదు.

ఫిర్యాదులు సంత రోజునే వచ్చేవి. గూడేల్లో ఫోను సిగ్నలుండదు. ఏ రోజు పంపు ఆగినా, అల్లమో పసుపో అమ్ముకోవడానికి దిగినప్పుడే వచ్చి చెప్పేవారు. ఒకసారి హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది: మీ పంపులు వారంలో ఒకే రోజు ఎందుకు పాడవుతున్నాయి, ఆ రోజు లోడు ఎక్కువా అని. జవాబు నేనే రాశాను. దాన్ని ఎవరైనా చదివారో లేదో తెలియదు.

మార్చిలో కొత్త ఆదేశం వచ్చింది. ఫిర్యాదులు బాగా తక్కువున్న పంపుల దగ్గరికి ఇకపై ఆర్నెల్లకోసారి వెళితే చాలు. ఎక్కువగా మొరాయించే, ఎక్కువ రోజులు ఆగిపోయే వాటికి మాత్రం ఒక మెకానిక్కును పేరు పెట్టి కేటాయించాలి, అతను నెలనెలా వెళ్ళి తీరాలి. ఆర్నెల్ల జాబితాలో మొట్టమొదట ఒక కొండ మీది గూడెం పంపు నిలిచింది. కిందటి వానాకాలంలో ఒకే ఒక్క ఫిర్యాదు, అదీ రెండో రోజే మూసేశారు. తరవాత ఏమీ లేదు. జాబితాకు ఫోటో జతచేయాలి కాబట్టి నేనే ఎక్కాను.

గూడెం మొదట్లో సుక్రి అనే పెద్దావిడ రాగులు చెరుగుతోంది. నా భుజాన సంచి చూసి లేచింది.

"ఏటి బాబూ, పార్టు తెచ్చినావా?"

"ఏ పార్టమ్మా?"

"అదే, మీ గుంటడు తెస్తానన్నాడు గదా. వానల్లో పిడుగు పడ్డాది. సంతలో సెప్పినాం. ఒచ్చినాడు, డబ్బా ఇప్పినాడు, పార్టు ఒస్తాదన్నాడు. ఒస్తాది గదా అని ఊరుకున్నాం."

డబ్బా అంటే కంట్రోలర్, పలకల కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే పెట్టె. తెరిచి చూశాను. లోపల నల్లగా కాలిపోయింది. ఆమె గుంటడన్న ఆ కుర్ర మెకానిక్కు నేను చేరకముందే మానేశాడు. మా పద్ధతిలో మెకానిక్కు వెళ్ళివచ్చానని రాస్తే ఫిర్యాదు మూసుకుపోతుంది. నీళ్ళొచ్చాయా లేదా అన్న గడి అసలు లేదు. వానాకాలం నుంచి చచ్చిపడి ఉన్న పంపు మా లెక్కలో అన్నిటికన్నా నమ్మకమైనది.

"మళ్ళీ వచ్చి చెప్పాల్సింది కదా" అన్నాను.

"సెప్పిన మాటే మల్లీ సెప్తే, నీకు సెవుడా అన్నట్టు గదా బాబూ."

గూడెం పైనున్న గట్టు ఎక్కితే కాస్త సిగ్నల్ దొరుకుతుంది. ఎక్కి మేనేజరుకు ఫోన్ చేశాను. ఆయన విజయనగరం వైపు మనిషి, చెడ్డవాడు కాదు, నాలాగే అలసిపోయినవాడు.

"ఇయాల పాడయ్యిందని రాయవయ్యా. రేపు కంట్రోలర్ పంపుతాను, ఎల్లుండికి నీల్లు. వానాకాలం నుంచీ అని రాసేవంటే వారం దాటినందుకు కంపెనీకి జరిమానా, హెడ్డాఫీసు ఎంక్వైరీ. అదయ్యేదాకా స్టోరు తలుపు తియ్యరు. పదిహేను రోజులు. ఆలకి నీల్లు కావాలా, నీ తారీఖు కావాలా?"

ఆయన మాటలో అబద్ధం లేదు. ఆయన చెప్పని రెండో సంగతి కూడా ఉంది. ఈ రోజు తారీఖు వేస్తే ఏడాదిలో ఇంకొక్క బ్రేక్‌డౌన్, వెంటనే మరమ్మతు. ఆ పంపు ఆర్నెల్ల జాబితాలోనే ఉండిపోతుంది. అసలు తారీఖు వేస్తే మొరాయించే వాటిలోకి వెళుతుంది, మెకానిక్కు నెలనెలా ఎక్కాలి.

దిగి వచ్చి వాళ్ళకే రెండూ చెప్పాను. సుక్రి వెంటనే తేల్చేసింది.

"నెల నెలా ఒచ్చే మనిసి కావాల. ఊట నీల్లు మాకు అలవాటే."

అప్పుడే లోయలోని ఊట నుంచి రెండు బిందెలతో ఎక్కివచ్చిన కోడలు చిలకమ్మ, ఒకటి దించి అత్తను చూసింది.

"అలవాటు నీకా, నాకా? మాట నీ నోటితో, మోత నా నెత్తితోనా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సుక్రి కూడా నవ్వి, "అయితే నువ్వే సెప్పు" అంది. చిలకమ్మ రెండో బిందె కూడా దించి నా వైపు తిరిగింది. ఊట సన్నబడిందని, బిందె నిండేదాకా కూర్చోవాల్సి వస్తోందని చెప్పింది.

"పదిహేను రోజులే గదా, మోస్తాను. మల్లీ ఏడాది మాత్రం మొయ్యను. నిజం రాసీ."

నిజమే రాశాను. పదిహేను రోజులన్నది నెల దాటింది. ఎంక్వైరీకి వచ్చిన అధికారి కొండ ఎక్కలేదు, కింద ఆఫీసులో నన్ను మూడు గంటలు కూర్చోబెట్టి, కొత్త ఫిర్యాదు లేకుండా బ్రేక్‌డౌన్ ఎలా రాశావని అడిగాడు. ఏప్రిల్ చివర్లో కంట్రోలర్ మోసుకెళ్ళి బిగించాను. పని గంట కూడా పట్టలేదు. కుళాయిలో ముందు గాలి, తరవాత తుప్పునీళ్ళు, తరవాత మంచినీళ్ళు వచ్చాయి. చిలకమ్మ బిందె పెట్టి, "పదిహేను అన్నావు" అంది.

ఆ ఏడాది నివేదికలో ఆ పంపు అన్నిటికన్నా కిందికి పడింది. అందుబాటు సగం కూడా రాలేదు. నేను ఉన్నంతకాలం మెకానిక్కు నెలనెలా అక్కడికి ఎక్కాడు.

ఇందులో నేర్చుకున్నది క్లుప్తంగా చెబుతాను. ఫిర్యాదు రాలేదంటే యంత్రం నడుస్తోందని అర్థం కాదు, ఫిర్యాదు రాలేదని మాత్రమే అర్థం. మరమ్మతు కాలాన్ని మెకానిక్కు రాకతో ముగించకూడదు, నీళ్ళు రావడంతో ముగించాలి. ఇప్పుడు మైదానంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. నివేదిక చేతికి రాగానే సున్నా బ్రేక్‌డౌన్లు రాసి ఉన్న యంత్రం ఏదో వెతికి, మొదట దాని దగ్గరికే నడుస్తాను.