మిగిలిన పూతరేకు

లోవమ్మకి ఏడుపు రాదని ఆ పల్లెలో ఒక మాట ఉంది. తప్పు పట్టి అనేది కాదు. ఎండ ఎక్కువగా ఉందన్నట్టు, ఊరికే అనుకుంటారు. గోదావరి సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన, చేపలు పట్టి బతికే ఆ పల్లెలో ఆవిడ ముప్పై ఏళ్ళ పైగా నర్సమ్మగా చేసింది. పుట్టిన ప్రతి బిడ్డకీ మొదటి సూది ఆవిడే వేసింది. ఆడవాళ్ళని బతిమాలి, జీపెక్కించి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకి తీసుకెళ్ళిందీ ఆవిడే.

మొదట్లో ఒక్కరూ కదల్లేదు. "వేటకెళ్ళే ఇళ్ళండి మావి. సముద్రం ఎవర్ని ఉంచుతుందో తెలీదు. ఇద్దరితో ఆపమంటే ఎలాగండి?" అనేవారు. అనరా మరి! పైవాళ్ళకేమో ఇంతమందిని తేవాలని పట్టుదల. పెద్ద డాక్టరు గారు ఒకరోజు పిలిచి, "ముందు నువ్వు చేయించుకో లోవమ్మా, నిన్ను చూసి వాళ్ళే వస్తారు" అన్నారు. అప్పటికి ఆవిడకి ఒక్కతే కూతురు, హారతి. మొగుడు పల్లంరాజు ఆ పూటంతా వల ముందేసుకుని కూర్చున్నాడు. తర్వాత, "నీ ఉద్యోగం సంగతి నీకే తెలుసు" అన్నాడు. చేయించుకుంది. డాక్టరు గారి మాట పొల్లు పోలేదు, ఊరు కదిలింది.

హారతి రెండో తరగతిలో ఉండగా జ్వరం వచ్చి చనిపోయింది. ఆపరేషన్లో కత్తిరించిన ట్యూబులు మళ్ళీ కలపవచ్చంటే పెద్దాసుపత్రికి వెళ్ళి కలిపించుకుంది లోవమ్మ. ఫలితం లేకపోయింది. ఇందులో ఇంకా చెప్పడానికేమీ లేదు, అడిగినా ఆవిడ చెప్పదు. అయితే ఒక్కటుంది. ఎక్కువమంది పుడితే ఎవరికీ చాలదన్న మాట నిజమైతే, తను చేసుకున్నది దండగ కాదు. ఆ మాట నిజమేనని కళ్ళతో చూసుకోవడానికే ఏటా జనాభా దినోత్సవం నాడు ఊరి బడికి వెళ్ళి పిల్లలకి పాఠం చెప్పేది.

పాఠమంటే పూతరేకులు. ఆత్రేయపురం నుంచి ఒక పెట్టె తెప్పించేది. పెట్టెకి పది. ముందు పదిమంది పిల్లల్ని నిలబెట్టి తలా ఒకటి చూపించేది. వాళ్ళు చెయ్యి చాపేలోగా, "ఆగండర్రా, వీళ్ళకి తమ్ముళ్ళు పుట్టారు, చెల్లెళ్ళు పుట్టారు" అంటూ బడి మొత్తాన్నీ లేపేది. తుంచగా తుంచగా ఒక్కొక్కరి అరచేతిలో కాస్త బెల్లం పొడి, గోరంత రేకు ముక్క పడేవి. "సరిపోయిందా?" అనేది. "లేదండీ" అని కప్పెగిరిపోయేలా అరిచేవారు. "అందుకే" అనేది లోవమ్మ. ఆ మాటతో పాఠం ముగిసేది, ఆ ఏటికి ఆవిడ ప్రాణం కుదుటపడేది.

మధ్యలో కరోనా వచ్చి బళ్ళు మూశారు. తర్వాత మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి, ఉద్యోగమూ అయిపోయింది. అలా కొన్నేళ్ళు బడి గుమ్మం తొక్కలేదు. ఈ ఏడు కాస్త నడవగలుగుతోందని, పెట్టె సంచిలో పెట్టుకుని మళ్ళీ వెళ్ళింది.

వరండాలో పిల్లలు ఒకే వరసలో కూర్చుని ఉన్నారు. "మిగతావాళ్ళేరమ్మా?" అని అడిగింది, కొత్తగా వచ్చిన టీచరు సత్యశ్రీని.

"వీళ్ళేనండి. అయిదు తరగతులకీ కలిపి తొమ్మిదిమంది. ఊళ్ళోనే పిల్లలు తగ్గిపోయారు కదండీ. ఉన్నవాళ్ళలో సగంమంది కాన్వెంటు బస్సెక్కేస్తున్నారు."

ఎందుకు తగ్గిపోయారని అడగడానికి లోవమ్మకి నోరెక్కడిది? ఆ తగ్గించిన చేతుల్లో తన చేతులూ ఉన్నాయి. కుర్చీలో కూర్చుని పాఠం మొదలుపెట్టింది.

"మీ ముత్తాతల రోజుల్లో ఇంటికి ఏడెనిమిదిమంది పుట్టేవారర్రా. అందులో చాలామంది చిన్నప్పుడే పోయేవారు. అందుకని ఊళ్ళో జనం పెద్దగా పెరిగేవారు కాదు. తర్వాత సూదులొచ్చాయి, మందులొచ్చాయి. జ్వరాలకి పిల్లలు పోవడం తగ్గింది. పుట్టేవాళ్ళు మాత్రం అలాగే పుట్టారు. దాంతో జనం పెరిగిపోయారు."

ఈ మాటలు ఆవిడకి నోటికొచ్చు. 'జ్వరాలకి' అన్నచోట తడబడటం ఎప్పుడో మానేసింది.

"పోకపోవడం మంచిదే కదండీ?" అన్నాడు ముందు కూర్చున్న దుర్గాసాయి.

"మంచిదేరా."

"మరి పెరిగితే ఏమవుద్దండి?"

ఆ జవాబు పెట్టెలో ఉంది. లోవమ్మ అలవాటుగా మూత తీసి, పిల్లల్ని నిలబెట్టి, తలా ఒకటి చూపించింది. తర్వాత లేపడానికి వెనక వరస లేదు. ఈసారి ఆగమనేవాళ్ళు లేక పిల్లలు అందుకుని తినేస్తున్నారు.

"సరిపోయిందా?" అనేసింది, నోటి అలవాటు కొద్దీ.

"సరిపోయిందండీ" అన్నారు పిల్లలు, నోటినిండా పెట్టుకుని.

పెట్టెలో ఇంకా ఒకటుంది. సత్యశ్రీకి ఇవ్వబోతే పన్ను నొప్పని వద్దంది. చివర నిలబడ్డ జాహ్నవి చెయ్యి నాక్కుంటూ, "అది మీ పాపకి పట్టుకెళ్ళండి" అంది.

"మాకు పాపుందని ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదండి. అందరిళ్ళల్లో ఉంటారు కదండీ."

లోవమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. బతికుంటే హారతికి ఆ వయసు కూతురుండేది. ఆ ఆలోచన వచ్చింది, పోయింది. లోపల ఏదైనా కదులుతుందేమోనని కాసేపు ఆగింది. ఏమీ కదల్లేదు. "అలాగేనమ్మా" అని పెట్టె మూసి, సంచిలో పెట్టుకుని ఇంటికి బయల్దేరింది.

పల్లంరాజు అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. సంచిలోంచి పెట్టె తియ్యడం చూసి చెయ్యి ఆపాడు. "ఏంటే, మిగిలిందా? ఎప్పుడూ పొడి కూడా తెచ్చేదానివి కాదు."

"మిగిలింది మావా. పాపకి ఇమ్మన్నారు."

అతను వల పక్కన పెట్టి జరిగాడు. ఆవిడ పక్కన కూర్చుని పూతరేకుని మధ్యకి తుంచి, ఒక సగం అతని చేతిలో పెట్టింది. ఇద్దరూ తిన్నారు. అతని మీసానికి అంటిన బెల్లం పొడిని కొంగుతో తుడుస్తూ, "సరిపోయిందా?" అంది.

"ఎందుకు సరిపోదు లోవా? ఇద్దరమే కదా."

దాని తర్వాత ఎప్పుడూ అనే మాట ఒకటుంది. లోవమ్మ నోరు తెరిచింది గానీ 'అందుకే' అనలేకపోయింది.