ఏడాది సగటు

చిప్పులు తయారుచేసే బెంగళూరు కంపెనీలో నా పని అంచనా వేయడం. ఏ నెలలో ఎన్ని ఆర్డర్లొస్తాయి, మా యంత్రాలు ఎన్ని చేయగలవు అని ముందే చెప్పాలి. నల్లమాడ దగ్గర మా ఊళ్లో, ఇంట్లోనే కూర్చుని చేస్తాను.

ఆ ఏప్రిల్‌లో నాకొక చిక్కు కనబడింది. దసరా, దీపావళికి ఫోన్ల కంపెనీలు చిప్పుల కోసం ఎగబడతాయి. సరిగ్గా అప్పుడే, రబీ పంటల కాలమని, బోరు మోటార్ల స్టార్టర్లు చేసేవాళ్లకూ చిప్పులు కావాలి. రెండింటినీ పరీక్షించే యంత్రాలు ఒకటే. స్టార్టర్ల చిప్పులు ఆషాఢంలోనే చేసి పెట్టుకుందామని మేనేజరుకు రాశాను.

ఆయన ఫోన్ చేశాడు. "ఏడాది సగటు చూడమ్మా. సరిపోతోంది కదా! సరుకు గోడౌన్‌లో మూలుగుతుంటే పైవాళ్లకు నేనేం చెప్పాలి?"

"సగటు సరిపోతుంది సార్, అక్టోబరు సరిపోదు" అన్నాను. ఆయన నవ్వి పెట్టేశాడు.

అక్టోబరులో యంత్రాలన్నీ ఫోన్లకే పోయాయి. స్టార్టర్ల ఆర్డర్లు వెనక్కి నెట్టారు. ఆ నెలలోనే మా నాయన బోరు స్టార్టరు కాలిపోయింది. ఫోన్ నొక్కితే మోటారు ఆడే రకం అది. కదిరికి పోయి ఉత్త చేతులతో వచ్చాడు.

"చిప్పు రాలేదంట. మీ కంపెనీదేనా?"

"మాదే నాయనా."

"నీకు ముందే తెల్దా?"

"తెలుసు. చెప్పినా. ఏడాది మొత్తం మీద సరిపోతాదన్నారు."

నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "వాన గూడా ఏడాది మొత్తం మీద సరిపోతాదిలే. ఇత్తనం ఏసిన నెల్లో రాకపోతే ఏం చేసుకోవాల?"

మూలన పడేసిన పాత చేతి స్టార్టరు బిగించి, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక రోజంతా చేలోనే కాచుకున్నాడు. అర్ధరాత్రి వచ్చే కరెంటు అందేది కాదు. నేను మెయిల్ మీద మెయిల్ పెట్టాను. జవాబు లేదు. కొత్త స్టార్టరు వచ్చేసరికి వేరుశనగ సగం ఎండిపోయింది.

జనవరి మీటింగులో మేనేజరు రిపోర్టు తీసి, స్టార్టర్ల ఆర్డర్లు ఆలస్యమవడానికి కారణం "ఊహించని డిమాండ్" అని చదివాడు.

"ఊహించిందే సార్" అని ఏప్రిల్ మెయిలు తెర మీద పెట్టాను.

"మంచి పాయింటే" అని ఆయన తర్వాతి పేజీకి పోయాడు. రిపోర్టులో ఆ మాట మారలేదు. ఆ వారమే కొత్త ఏడాది అంచనా ఫారం వచ్చింది. అందులో నెలలకు గళ్లు లేవు, ఏడాదికి ఒక్కటే గడి. దాన్ని ఖాళీగా వదిలి, కింద నెలకొకటిగా పన్నెండు వరుసలు గీసి, నింపి పంపాను. రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారీ అలాగే పంపాను.