మిరపకల్లం మీద విమానం

ఊరి నుంచి వచ్చిన ఎండుమిరపకాయల సంచి మూతి సాయంత్రం విప్పాను. ఇంట్లో అందరూ పడుకున్నా ఆ ఘాటు మాత్రం పడుకోలేదు, వంటగది దాటి నేను రాసుకుంటున్న బల్ల దాకా వచ్చింది. పక్క గదిలో మా అబ్బాయి మోచేతికి కట్టుతో నిద్రపోతున్నాడు. ఆ దెబ్బ నా వల్ల తగిలింది. అది ఎలా తగిలిందో చెప్పాలంటే మా నాయనమ్మ దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

అద్దంకి పక్కన మా ఊళ్లో, శివరాత్రి దగ్గరపడేసరికి కల్లాలన్నీ ఎర్రబడిపోయేవి. పొద్దున్నే మంచుకు తడిసిన పరదాలు తీసి, కాయల్ని కాళ్లతో పాయలుగా తిరగేసేవాళ్లు. ఎండ నెత్తికెక్కేసరికి ఆ నేల నుంచి లేచే ఘాటుకు రోడ్డు మీద బస్సులో వెళ్లేవాళ్లు కూడా తుమ్మేవాళ్లు. రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్లు ముక్కుకి కొంగులు చుట్టుకుని, కళ్లతోనే నవ్వుకునేవాళ్లు. బడి లేని రోజున నేనూ తమ్ముడూ జేబుల నిండా రేగిపళ్లు పోసుకుని, నాయనమ్మ తెచ్చే సద్దన్నం, గోంగూర పచ్చడి, కుండలో మజ్జిగ కోసం ఎదురుచూస్తూ రోజంతా అక్కడే తిరిగేవాళ్లం.

కల్లం పక్కన తాటాకు పందిరి కింద తాతయ్య, సోషల్ మాస్టారు కూర్చునేవాళ్లు. కాయలకు కాపలా అని పేరేగానీ, అక్కడ నడిచేదంతా బాంబర్ల కబుర్లు. తాతయ్య బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు వాయుసేనలో కాన్‌బెర్రా విమానాలకు బాంబులు బిగించినవాడు. మాస్టారు రెండో ప్రపంచ యుద్ధం పుస్తకాలు ఎక్కడెక్కడి నుంచో తెప్పించుకుని చదివేవారు. పక్క పందిళ్లలో ఎడ్ల గురించి పోట్లాడుకున్నట్టు, వీళ్లు ఏ విమానం ఎంత బరువు మోసింది, ఎంత ఎత్తున పోయింది అని పోట్లాడుకునేవాళ్లు.

"మీ కాన్‌బెర్రా మోసేదెంత అన్నయ్యా, మా లాంకాస్టర్‌కి అది పొద్దుటి టిఫిను."

"టిఫిను తిన్నోడే పరిగెత్తేది మాస్టారూ. బోయినం చేసినోడు ఈడనే కూలబడతాడు."

ఆ నవ్వుల మధ్యనే హాంబర్గ్‌లో తారు రోడ్లు కరిగి మనుషుల కాళ్లు అతుక్కుపోవడం, టోక్యోలో చెక్క ఇళ్ల మధ్య పిల్లల్ని వీపున కట్టుకుని పరిగెత్తిన తల్లులకు మంటలు అంటుకోవడం, వానల సంగతి చెప్పుకున్నంత మామూలుగా దొర్లిపోయేవి. అవన్నీ మాకు ఆటలయ్యాయి. చీమలబారు మీద పై నుంచి గుప్పెళ్లతో మిరపగింజలు కుమ్మరించి, అవి గిలగిల కొట్టుకుంటుంటే ఈ ఊరు అయిపోయింది, పక్క ఊరు పట్టు అనేవాడు తమ్ముడు.

నాయనమ్మ రంగూన్‌లో పుట్టింది. వాళ్ల నాన్న అక్కడ రేవులో పనిచేసేవాడు. జపాన్ వాళ్లు ఆ ఊరి మీద బాంబులేశాక ఇటు వచ్చేశారు. ఆకాశంలో విమానం మోత వినిపిస్తే మమ్మల్ని జుట్టు పట్టుకుని ఈడ్చి మంచం కిందికి తోసేది, తల బయట పెడితే వీపు మీద చరిచేది. అలాంటి మనిషి ఆ కబుర్లకు మాత్రం రోజూ వచ్చి కూర్చునేది. ఆమె అడిగేది ఎప్పుడూ ఒకటే. "రంగూన్ మీదికొచ్చింది ఏదండీ మాస్టారూ?"

ఒకరోజు మాస్టారు బొమ్మల పుస్తకం పట్టుకొచ్చారు. రెండింజన్ల జపాన్ బాంబరు బొమ్మ మీద వేలు పెట్టి, "ఇది వదినగారూ" అన్నారు. నాయనమ్మ పుస్తకం దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టి చూసింది. "ఏమో. మోత ఎట్టా ఉంటది?"

మాస్టారు బుగ్గలు పూరించి గూం అని మోత మొదలుపెట్టారు. తాతయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. మేమూ నవ్వుతున్నాం. మాస్టారు ఊపిరి కోసం ఆగారు, మోత ఆగలేదు. ఎన్నికల మీటింగ్‌కి ఒంగోలు పోయే హెలికాప్టరు తాటిచెట్ల తలలు తాకేంత కిందుగా వస్తోంది. నేనూ తమ్ముడూ తలలెత్తి కల్లంలోకి పరిగెత్తాం.

వెనక నుంచి మెడలు పట్టుకుని మమ్మల్ని బోర్లా కాయల్లోకి కూలదోసింది నాయనమ్మ. మా మీద పడుకుని, లేవకుండా తలల్ని అదిమిపెట్టింది. ముఖాల కింద కాయలు పటపటమని పగిలాయి, గింజలు కళ్లలోకి పోయాయి, చిట్లిన పెదవిలో కారం నిప్పులా దిగింది. మేం అరిచినకొద్దీ ఆమె మోకాళ్లు మా నడుముల్లోకి దిగాయి. మోత పూర్తిగా పోయాకే, తాతయ్య రెక్కలు పట్టి లాగితే లేచింది.

"చంపుతావా ఏందే పిల్లల్ని?"

"చావలేదుగా" అంది.

కళ్ల మీద మజ్జిగలో ముంచిన గుడ్డలు వేసి మమ్మల్ని మంచంలో పడుకోబెట్టారు. ఆమె ముఖం నాకు కనపడలేదు, గొంతు ఒక్కటే వినపడింది.

"ఊరేగింపొచ్చినట్టు అందరం వీధిలోకొచ్చాం మాస్టారూ. విమానాలంటే మాకేం తెలుసు. మా అక్క చెయ్యెత్తి లెక్కపెడతా ఉంది. నా చెప్పు తెగితే నేను వంగా. లేచేసరికి అక్క చెయ్యి ఉంది, దానికి గాజులున్నాయి, అక్క లేదు. తలెత్తినోళ్లంతా పోయారు. నేను చూడలా. ఇదేనా అంటే ఏం చెప్పేది?"

పుస్తకం మూసిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత బాంబర్ల కబుర్లు ఆగిపోయాయంటే అబద్ధం. మరుసటి ఏడాది కాయలు ఎండేసరికి మళ్లీ మొదలుపెట్టారు. కాకపోతే బరువుల లెక్క వచ్చినప్పుడల్లా తాతయ్య నాయనమ్మ చేతుల వంక చూసి, మాట మధ్యలో ఆపేసేవాడు.

మొన్న ఆదివారం సింగరాయకొండ వైపు హైవే మీద యుద్ధవిమానాలు దించి చూస్తున్నారంటే మావారు మమ్మల్ని తీసుకెళ్లారు. ఆయనకూ ఫోన్‌లో విమానాల గ్రూపు ఉంది. రాత్రిళ్లు ఏ బాంబరు గొప్పదని స్నేహితులతో వాదిస్తుంటే, మా అబ్బాయి ఆయన ఒళ్లో కూర్చుని వింటుంటాడు. రోడ్డు పొడవునా జనం, ఐస్‌క్రీమ్ బళ్లు, పైకెత్తిన ఫోన్లు. మోత మొదలైంది. నా పక్కన వీడు చెయ్యెత్తి, ఒకటి, రెండు అంటూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

తర్వాత నాకు తెలిసేసరికి రోడ్డు పక్క కంకర మీద బోర్లా ఉన్నాను. వాడు నా కింద ఉన్నాడు, నా అరచెయ్యి వాడి తల మీద ఉంది. చుట్టూ ఎవరో నవ్వుతున్నారు. "అవి మనవే కదా" అంటున్నారు మావారు నన్ను లేపుతూ. వాడి మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది.

ఆ కల్లంలో ఇప్పుడు ప్లాట్ల రాళ్లు పాతారు. కాయలు కోల్డ్ స్టోరేజీలకు పోతున్నాయి. మాస్టారి పుస్తకాలు పాత పేపర్ల వాడికి వెళ్లాయి. పందిరి కింద కూర్చున్న ముగ్గురిలో ఒక్కరూ లేరు. ఏ విమానమో నాయనమ్మకు తేలలేదు.

ఇందాక నిద్రపోయే ముందు వాడు అడిగాడు. "మొత్తం ఎన్నొచ్చాయమ్మా?"

"తెలీదు నాన్నా" అన్నాను. "నేను చూడలేదు."